థాంక్యూ వెరీ మచ్: 0.1 గంట

మా బావమరిది న్యూజెర్సీలో, ఎడిసన్‌లో, టిఫిన్ సెంటర్ పెడదామనుకున్నాడు. ఎడిసన్ ఎక్కడుందో మీకు చెప్పక్కర్లేదు, మీవాళ్లూ ఒకరిద్దరు అక్కడే ఉండి ఉంటారు. షాపు లీజు కాగితాలు చదివిపెట్టడానికి వాడు ఒక లా ఫర్మ్‌ని మాట్లాడుకున్నాడు. లాయర్ గారు చదివారు, నాలుగు చోట్ల మార్చమన్నారు, తిరిగి పంపారు. మావాడు పెంపకం గలవాడు. "థాంక్యూ వెరీ మచ్" అని ఒక ఈమెయిల్ కొట్టాడు. నెలాఖరుకి బిల్లు వచ్చింది. అందులో పదకొండో వరస: "క్లయింట్ నుంచి వచ్చిన ఈమెయిల్ పరిశీలన, 0.1 గంట, 40 డాలర్లు."

వాడు ఆ వరస చుట్టూ ఎర్రగా సున్నా చుట్టి నాకు వాట్సాప్‌లో పంపాడు. "బావా, థాంక్స్ చెప్పినందుకు మూడు వేల పైచిలుకు పడింది. ఎన్ని ఇడ్లీలు అమ్మితే వస్తాయంటావు?" అన్నాడు.

ఇడ్లీల సంగతి నాకు తెలియదు. నన్ను పట్టుకుని వదలనిది ఆ 'పరిశీలన' అనే మాట. మూడు మాటల ఈమెయిల్‌ని ఆరు నిమిషాలు పరిశీలించారంటే మాటకి రెండు నిమిషాలు. మొదటి రెండు నిమిషాలు 'థాంక్యూ' మీద పెట్టి ఉంటారు: ఎవరికి, దేనికి, ఈ మాట అనడంలో క్లయింట్ తన హక్కు ఏదైనా వదులుకుంటున్నాడా? తర్వాతి రెండూ 'వెరీ' మీద. ఇప్పుడు వెరీ అన్నాడంటే ఇంతకుముందు ఎప్పుడో వెరీ లేకుండా ఉత్త థాంక్యూ చెప్పి ఉండాలి, పాత ఫైలు తిరగెయ్యాలి. చివరి రెండూ 'మచ్' మీద. మచ్ అంటే ఎంత? క్లయింట్ పరిమాణం రాయలేదు. రేపు కోర్టులో అవతలి పక్షం అడిగితే ఎవరు జవాబుదారీ? ఇంత మీమాంస 40 డాలర్లకి దొరికిందంటే మావాడు లాభపడ్డట్టే.

ఆ 0.1 సంగతి తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. పెద్ద లా ఫర్మ్‌లలో గంటని పది ముక్కలు చేస్తారు. ముక్కకి ఆరు నిమిషాలు. అరనిమిషం పనైనా ఒక ముక్కే. ఆటో మినిమం ఛార్జీలాగా అన్నమాట, కాకపోతే ఆటో ఎక్కితే కనీసం ఒక చోటి నుంచి ఇంకో చోటికి వెళ్తాం. ఈ టైమ్‌షీట్ పద్ధతికి మూలపురుషుడిగా బోస్టన్ లాయర్ రెజినాల్డ్ హీబర్ స్మిత్‌ని చెబుతారు. ఆయన అంతకుముందు చేసిన పని ఏమిటో తెలుసా? పేదలకి ఉచితంగా న్యాయ సహాయం అందించే సంస్థ నడపడం. అమెరికాలో డబ్బులేనివాడికి న్యాయం అందడం లేదని 1919లో నివేదిక రాసి గగ్గోలు పెట్టిన మనిషి. అదే ఏడు ఒక పెద్ద ఫర్మ్‌లో చేరి, ఎవరి సమయం ఎక్కడ పోతోందో తెలియాలని ఈ లెక్క మొదలుపెట్టాడు. పాపం, ఖర్చు తెలుసుకోవడానికే. ఆ కొలతనే తర్వాతివాళ్లు రేటు కార్డు చేసి గోడకి తగిలించారు.

ఇది అమెరికా బాధ, మనకెందుకు అనుకోకండి. విదేశీ లాయర్లు విమానం దిగి సలహా చెప్పి మళ్లీ ఎక్కెయ్యొచ్చుగానీ ఇక్కడ కాపురం పెట్టకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. 2023 మార్చిలో మన బార్ కౌన్సిల్ తలుపు ఓరగా తీసింది: కోర్టుల్లో వాదించకూడదు, తమ దేశపు చట్టం, అంతర్జాతీయ చట్టం మీద సలహాలు మాత్రం చెప్పుకోవచ్చు. మన లాయర్లకేమో ప్రకటన ఇచ్చుకునే హక్కే లేదు. అందుకే మన ఫర్మ్‌ల వెబ్‌సైటు తెరవగానే "నా అంతట నేనే వచ్చాను, వీళ్లెవరూ నన్ను పిలవలేదు" అని ఒప్పుకుంటేగానీ లోపలికి రానివ్వరు. పేరంటానికి వెళ్తే గుమ్మంలో ఆపి, పిలవకుండానే వచ్చానని సంతకం చేయించుకున్నట్టు.

ఆరు నిమిషాల ముక్క మా గుంటూరు దాకా వస్తే ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. మా ప్లీడరు గారి లెక్క ఇప్పటికి వాయిదాకి ఇంత అని. జడ్జి గారు సెలవు పెట్టినా వాయిదా వాయిదాయే, ఆ దోపిడీ మనకి అలవాటైందే. ఆయన గుమాస్తా ఒకాయన ఉంటాడు. ముప్ఫై ఏళ్లుగా అదే బల్ల, అదే ముక్కుపొడి డబ్బా. రేపు ఆయన చేతికి టైమ్‌షీట్ ఇచ్చారనుకోండి. మనం మెట్లెక్కుతుంటే "ఏమండోయ్, చాలాకాలానికి" అంటాడు: 0.1. కూర్చోమని కుర్చీ మీద ఫైళ్లు తీస్తాడు: ఆస్తుల తరలింపు, 0.1. "అమ్మాయికి సంబంధాలు చూస్తున్నారా?" కుటుంబ స్థితిగతుల విచారణ, 0.2. మనం చెప్పడం మొదలుపెడితే మధ్యలో ఆపి వాళ్ల మేనల్లుడు బెంగళూరులో ఉన్నాడంటాడు: ప్రత్యామ్నాయ పరిష్కారం ప్రతిపాదన, 0.3. టీ తెప్పిస్తాడు, టీ కుర్రాడు ఎంతకీ రాడు: మూడో పక్షం కోసం నిరీక్షణ, 0.5. టీ వచ్చాక, వకాల్తా మీద సంతకం ఇవాళ వద్దు, అష్టమి, ఎల్లుండి దశమి నాడు పెడుదురుగాని అంటాడు: పంచాంగ పరిశీలన, 0.2. లేచి వస్తుంటే గుమ్మం దాకా వచ్చి "ఆ మేనల్లుడి సంగతి ఇంట్లో చెప్పండి మరి" అంటాడు: ఫాలో అప్, 0.1. మొత్తం గంటన్నర. కేసు ఊసే ఎత్తలేదు. కానీ పరిశీలన అనే మాటకి మావాడి ఫర్మ్ కన్నా మా గుమాస్తా ఎక్కువ న్యాయం చేశాడని మీరు ఒప్పుకోవాలి.

సరే. కాలాన్ని ఇంత సన్నగా తరిగే మహానుభావులు తమ ఇంటి లెక్క ఎలా చూసుకుంటారో తెలుసుకోవాలనిపించింది. మావాడి ఫర్మ్ పేరు చెబితే అదో బిల్లు, దాన్ని వదిలేద్దాం. దానికేమీ సంబంధం లేని, చరిత్రకెక్కిన ఒక అంతర్జాతీయ ఫర్మ్‌ని తీసుకున్నాను. న్యూయార్క్ వాళ్లది, పేరు డ్యూయీ అండ్ లెబఫ్. దాని పుట్టుపూర్వోత్తరాలు, దినదినాభివృద్ధి భక్తిగా పారాయణ చేశాను.

వంశం గొప్పది. 1909లో హార్వర్డ్‌లో చదివిన ముగ్గురు కుర్రాళ్లు రూట్, క్లార్క్, బర్డ్ అని తమ పేర్లతో ఫర్మ్ పెట్టారు. 1955లో థామస్ డ్యూయీ వచ్చి చేరాడు. సామాన్యుడా? కుర్రతనంలో ప్రాసిక్యూటర్‌గా న్యూయార్క్ మాఫియా పెద్ద లక్కీ లూసియానోని 1936లో జైలుకి పంపినవాడు, మూడుసార్లు గవర్నర్. ప్రెసిడెంట్ పదవికి రెండుసార్లు నిలబడి రెండుసార్లూ ఓడిపోయాడు. రెండోసారి, 1948లో, ఓట్ల లెక్కింపు పూర్తికాకుండానే షికాగో పత్రిక ఒకటి ఆయనే గెలిచాడని పెద్దక్షరాలతో అచ్చేసింది. తెల్లారేసరికి గెలిచింది ట్రూమన్. ఆ పత్రికని ట్రూమన్ రెండు చేతులా ఎత్తి పట్టుకుని నవ్వుతున్న ఫోటో మీరు చూసే ఉంటారు. ఈ లెక్కింపు సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి.

ఫర్మ్‌లు ఎదిగేది పెళ్లిళ్ల వల్ల. ఒకదాన్ని ఒకటి చేసుకుంటాయి. అక్కడ అసలు పంచాయతీ కట్నం దగ్గర రాదు, పేరు దగ్గర వస్తుంది. మన శుభలేఖలో ఎవరి పేరు ముందు వెయ్యాలి, స్వర్గీయ తాతగారి పేరు పైన వెయ్యాలా కింద వెయ్యాలా అని రెండు కుటుంబాలు ప్రింటింగ్ ప్రెస్సులో కొట్టుకోవడం లేదూ, అచ్చం అదే. తలుపు మీద పేరున్నవాళ్లు చాలాచోట్ల ఎప్పుడో పోయారు. పోయినవాళ్లలో ఎవరు సీనియరో బతికున్నవాళ్లు తేల్చాలి. డ్యూయీ వాళ్లు మొదట 2006లో ఆరిక్ అనే కాలిఫోర్నియా సంబంధం ఖాయం చేసుకున్నారు. 'డ్యూయీ ఆరిక్' అని పేరు కూడా అనుకున్నారు. 2007 జనవరిలో ఆ సంబంధం చెడిపోయింది. ఇంకో ఇంట్లో అయితే కొన్నాళ్లు మొహం చాటేస్తారు. వీళ్లు అదే ఏడు అక్టోబరుకల్లా లెబఫ్ వాళ్లతో మూడు ముళ్లు వేయించుకున్నారు. లెబఫ్ వాళ్లూ తక్కువేం కాదు, 1929 నాటి ఇల్లు, కరెంటు కంపెనీలు, ఇన్సూరెన్స్ కంపెనీలు వాళ్ల క్లయింట్లు. రెండిళ్లూ కలిసేసరికి వెయ్యికి పైగా లాయర్లు, దేశదేశాల్లో ఇరవైకి పైగా ఆఫీసులు.

(ఈ మధ్య వచ్చిన ఫ్యాషన్ వేరే ఉంది. స్విస్ వెరైన్ అంటారు. స్విట్జర్లాండ్‌లో నలుగురు కలిసి సంఘం పెట్టుకోవడానికి ఉన్న చట్టం, ఫీఫా కూడా అలాంటి సంఘమే. బేకర్ మెకెంజీ, డెంటన్స్ లాంటివి ఆ గొడుగు కిందికి చేరాయి. బోర్డు మీద పేరు ఒకటే, లోపల వేరు కుంపట్లు. డెంటన్స్ అయితే తమకు హెడ్ ఆఫీసే లేదంటుంది. 2015లో చైనా ఫర్మ్ దాచెంగ్‌ని కలుపుకుని లాయర్ల లెక్కలో ప్రపంచంలోకెల్లా పెద్దదైంది, 2023లో వేరుపడింది. వేరు కుంపట్లకి ఇదే సుఖం, విడిపోతే గిన్నెలు పంచుకునే పనుండదు.)

డ్యూయీ లెబఫ్ దగ్గరికి వద్దాం. పెళ్లయిన ఏడాదికే 2008 వచ్చింది, బ్యాంకులు కూలాయి, కేసులు తగ్గాయి. మామూలు ఇంట్లో ఆదాయం తగ్గితే పాలు ఒక ప్యాకెట్ తగ్గిస్తారు. అంతర్జాతీయ ఫర్మ్ అలా చెయ్యకూడదు, ఎదుగుదల ఆగినట్టు కనిపిస్తుంది. అందుకని వేరే ఫర్మ్‌ల నుంచి పేరున్న లాయర్లని లాక్కొచ్చారు. మీకు ఏడాదికి ఇంత ఖాయం, ఫర్మ్‌కి లాభమొచ్చినా రాకపోయినా మీది మీకే అని రాసిచ్చారు. ఒకరికిస్తే రెండోవాడు ఊరుకుంటాడా? ఆఖరికి అలా గ్యారంటీ పొందినవాళ్లు వంద మంది దాకా తేలారు. పార్ట్‌నర్ అంటే లాభనష్టాలు రెండూ పంచుకునేవాడని మనం అమాయకంగా అనుకుంటాం. ఇక్కడ లాభం వాటా గ్యారంటీ, నష్టం వాటా మిగతావాళ్లది.

చీటీలు కట్టినవాళ్లకి ఈ కథ విడమరచి చెప్పక్కర్లేదు. ఇరవై మంది చీటీలో మొదటి నెల పాట నీకే, మొదటి నెల పాట నీకే అని ఇరవై మందికీ చెవిలో చెప్పిన చీటీల ఆవిడ ఎన్నాళ్లు ఊళ్లో ఉంటుంది? మన దగ్గర అయితే రాత్రికి రాత్రి లారీ ఎక్కుతుంది. న్యూయార్క్‌లో పెద్దమనుషులు కాబట్టి బాండ్లు అమ్మారు. 2010లో ఇన్వెస్టర్ల దగ్గర 15 కోట్ల డాలర్లు తీసుకున్నారు.

తీసుకోవడానికి లెక్కలు చూపించాలి కదా. ఇక్కడే నా పారాయణ ఫలించింది. చేతికి రాని డబ్బుని వచ్చినట్టు, జనవరిలో వచ్చిన చెక్కుల్ని డిసెంబరులోనే వచ్చినట్టు పుస్తకాలు సర్దారని తర్వాత ప్రాసిక్యూటర్లు అభియోగం మోపారు. ఓట్లు లెక్కపెట్టకముందే గెలిచిన మనిషి పేరు బోర్డు మీద పెట్టుకున్నవాళ్లు, సంప్రదాయం నిలబెట్టారు. 2014లో కోర్టుకిచ్చిన అభియోగపత్రంలో వాళ్ల ఈమెయిళ్లూ బయటపడ్డాయి. ఒకదాంట్లో 'ఉత్తుత్తి ఆదాయం' అనే మాట ఉంది. ఇంకోదాంట్లో, వచ్చే ఏడాదికి కూడా ఇలాంటి ఏమీ తెలియని ఆడిటరే దొరుకుతాడా అని ఒకరు అడిగితే, అదే ప్లాన్, ఈ ఏడాది బ్రహ్మాండంగా పనిచేసింది అని జవాబు. ఈ మెయిళ్ల పరిశీలనకి ఎన్ని 0.1లు పడ్డాయో మాత్రం అందులో లేదు.

నాకర్థం కానిది ఇదే. క్లయింట్ ఫోనులో తుమ్మితే ఆరు నిమిషాలు రాసుకునే వ్యాపారం ఇది. రెండు తుమ్ములకి పన్నెండు. అలాంటి ఇంట్లో జనవరికీ డిసెంబరుకీ తేడా తెలియకపోవడం ఏమిటి? మన జేబులోది లెక్కపెట్టేటప్పుడు భూతద్దం, సొంత గల్లా లెక్కపెట్టేటప్పుడు గంతలూనా?

2012 వచ్చేసరికి గ్యారంటీల డబ్బు అందడం మానేసింది. గ్యారంటీ ఉన్న ఘనులూ గుమ్మం దాటారు, తమ క్లయింట్లని చంకన పెట్టుకుని. అలా మొదలైన వలస మే నెలాఖరుకి పూర్తయింది. మే 28న ఫర్మ్ దివాలా పిటిషన్ వేసింది. అమెరికా చరిత్రలో ఒక లా ఫర్మ్ అంత పెద్దగా దివాలా తీయడం అంతకుముందు లేదు. అప్పటికి ఆ కాపురానికి అయిదేళ్లు కూడా నిండలేదు.

ఇంతదాకా నవ్వుతూనే చెప్పాను. పార్ట్‌నర్లు పోయారు, పక్క వీధిలో ఇంకో ఫర్మ్‌లో చేరారు, అక్కడ కుర్చీ సిద్ధంగా ఉంది. మరి టైపు కొట్టినవాళ్లు? ఈ దొరల అగ్రిమెంట్లు అర్ధరాత్రి రెండింటికి సరిచేసి, తెల్లారేసరికి బల్ల మీద పెట్టినవాళ్లు? ఉత్తరాలు పంచినవాళ్లు, ఫైళ్లు మోసినవాళ్లు, ఫోనెత్తి "సార్ మీటింగ్‌లో ఉన్నారు" అని పాతికేళ్లు అబద్ధం ఆడిపెట్టినవాళ్లు? వాళ్లెవరికీ గ్యారంటీ రాసివ్వలేదు. ఇంత పెద్ద సంస్థ మూతపడేటప్పుడు ఉద్యోగులకి 60 రోజుల ముందు చెప్పాలని అక్కడ చట్టం ఉంది. అది కూడా పాటించలేదని అందులో పనిచేసినవాళ్లే కోర్టుకెక్కాల్సి వచ్చింది. చట్టం అమ్ముకుని బతికే ఇంట్లో! పెన్షన్ నిధుల్లో చూస్తే దాదాపు 8 కోట్ల డాలర్లు తక్కువ. సుమారు 1,800 మంది పెన్షన్లవి, ఆఖరికి ప్రభుత్వ బీమా సంస్థ నెత్తిన వేసుకుంది. ఒకడికి ఏడాదికి లక్షల డాలర్లు ఖాయమని రాసివ్వడానికి చెయ్యి వచ్చిందిగానీ, ముసలితనంలో మందులకని దాచుకున్న గుమాస్తా డబ్బు నింపడానికి రాలేదు. దీన్ని ఎదుగుదల అంటారా? సిగ్గులేదా అని అడగడానికి కూడా ఆ బోర్డు వెనక ఎవరూ మిగల్లేదు. వందలమంది మాజీ పార్ట్‌నర్లు తలా కొంత వేసుకుని మొత్తం 7 కోట్ల డాలర్ల పైచిలుకు కట్టారు, ఇక మమ్మల్ని ఎవరూ ఏమీ అడగకూడదని రాయించుకున్నారు. అది మాత్రం పక్కాగా రాయించుకున్నారు.

కేసు సంగతి కూడా చెప్పేస్తాను. 2015లో ముగ్గురు పెద్ద అధికారుల మీద విచారణ నెలల తరబడి సాగింది. జ్యూరీ ఇరవై రోజులకు పైగా తర్జనభర్జన పడి ముఖ్యమైన అభియోగాల మీద ఎటూ తేల్చలేకపోయింది. చైర్మన్ గారు కొన్నేళ్లు న్యూయార్క్‌లో ప్రాక్టీసు చెయ్యనని ఒప్పందం రాసిచ్చి బయటపడ్డారు. 2017లో మళ్లీ విచారణ. ఇద్దరిలో ఒకరు నిర్దోషి. లెక్కలు చూసిన ఫైనాన్స్ అధికారి ఒక్కరే దోషిగా తేలారు. జైలు లేదు. 10 లక్షల డాలర్ల జరిమానా, 750 గంటల సమాజ సేవ.

ఈ కథంతా ఫోనులో చెబితే మా బావమరిది చాలాసేపు మాట్లాడలేదు. నా మాటలకి చలించాడనుకున్నాను. తీరా చూస్తే కాలిక్యులేటర్ నొక్కుతున్నాడు. "బావా, 750 గంటలంటే ఆరు నిమిషాల ముక్కలు 7,500. మా లాయర్ రేటున 3 లక్షల డాలర్ల సేవ" అన్నాడు.

ఆ సేవ చేయించుకున్నవాళ్లు చివరి రోజున మర్యాద కొద్దీ ఆయనకి "థాంక్యూ వెరీ మచ్" అని ఒక మెయిల్ పెట్టలేదు కదా? పెట్టి ఉంటే 7,501.